ఆకాశంలో ఎదురుపడ్డ ఆలుమగలు

సోఫాల మేస్త్రికి విమానమంటే భయం. చిన్నా చితకా భయం కాదు. ఇంటిమీదుగా విమానం పోతే కుడుతున్న సూది ఆపేసి, అది దాటిపోయేదాకా తల పైకెత్తి చూస్తూ కూర్చునే రకం.

"లోపలున్నవాళ్ళకి లేని బాధ నీకెందుకు బావా?" అని బామ్మర్ది నవ్వేవాడు.

"వాళ్ళు నిద్రపోతుంటార్రా. చూసేవాడికే కదా తెలిసేది," అనేవాడు మేస్త్రి.

అలాంటి మనిషి భార్య ఏడాదిన్నర కిందట విమానం ఎక్కి వెళ్ళిపోయింది. తగువుపడి కాదు, ఉద్యోగం మీద. ఆమె పని కృత్రిమ కాళ్ళు తయారుచేయడం. కాలు పోయిన మనిషిని కూర్చోబెట్టి, మిగిలిన భాగానికి పిండికట్టుతో అచ్చు తీసి, దానికి సరిపడే తొడుగు చేసి, తొడిగించి, నడిపించి, ఒరుసుకున్న చోటల్లా అరగదీసి మళ్ళీ నడిపించేది. అందరూ ఆమెను కాళ్ళ డాక్టరమ్మ అనేవారు. "నేను డాక్టర్ని కాదు బాబూ" అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, చివరికి ఆ పిలుపుకే పలకడం మొదలుపెట్టింది. ఎక్కడో భూమికి ఆ చివరనున్న ఊళ్ళో ఒక ఆసుపత్రివాళ్ళు కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు కొత్తగా పెడుతూ, తమ కుర్రకారుకి పని నేర్పి పెట్టమని ఆమెను రెండేళ్ళకి రమ్మన్నారు.

వెళ్ళమన్నది మేస్త్రే. ఆమె వారం రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది.

"నువ్వు వెళ్ళకపోతే ఇంట్లో కూర్చుని, వెళ్ళుంటే బాగుండేదని మొహం వేలాడేస్తావు. ఆ మొహం నేను చూడలేను. వెళ్ళు," అన్నాడు.

"మధ్యలో ఒకసారైనా వస్తారా మరి?"

"రాకేం! వస్తాను."

నోటికేం, అనేసింది. కాళ్ళు కదలాలి కదా. మొదటిసారి ఆమె రమ్మన్నప్పుడు వానాకాలం, ఉరుముల్లో విమానమేంటన్నాడు. రెండోసారి ఏదో హోటలువాళ్ళవి నలభై కుర్చీలు ఒప్పుకున్నానన్నాడు. మూడోసారి కడుపులో బాగాలేదన్నాడు. ఆమె ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. నాలుగోసారి మాత్రం అడగలేదు. రోజూ ఫోను చేసేది, తిన్నారా అనేది, అక్కడి కబుర్లు చెప్పేది, పెట్టేసేది. రమ్మనే మాట ఎత్తడం మానేసింది.

ఆమె అడిగినన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన మేస్త్రికి, అడగడం మానేశాక నిద్ర పట్టలేదు. పెళ్ళై పందొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరే మనుషులు, ఒకరికొకరు పెద్దా చిన్నా అన్నీ తామే అయి బతికినవాళ్ళు. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళి బామ్మర్ది తలుపు తట్టాడు.

బామ్మర్ది బళ్ళో భూగోళం మాస్టారు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు మ్యాపు. ఇంట్లోవాళ్ళు కూడా అదే ఖాయం చేశారు.

"ఒరే మ్యాపూ, మీ అక్క ఉండే ఊరు ఎంత దూరంరా?"

మ్యాపు ఆ మాట కోసమే ఏడాదిన్నరగా కాసుకుని కూర్చున్నాడు. వెంటనే బల్లమీదికి గ్లోబు తెచ్చాడు. బావ చొక్కా జేబులోంచి వేలాడుతున్న కుట్టుదారం లాగి, ఒక కొస తమ ఊరిమీద, ఇంకో కొస అక్క ఊరిమీద అదిమిపెట్టి బిగించాడు.

"ఇదిగో, విమానం పోయే దారి. పదివేల కిలోమీటర్లు దాటుతుంది. తిన్నగా పోయే విమానం లేదు. ఇక్కడ, సముద్రం మధ్యలో ఈ దీవి ఉంది చూడు, ఇక్కడ దిగి మారాలి. మొదటి విమానం ఏడు గంటలు, దీవిలో నాలుగు గంటలు కూర్చోవాలి, రెండోది ఆరు గంటలు. మొత్తం పదిహేడు."

మేస్త్రి ఆ దారం వైపే చూశాడు. మూరెడు కూడా లేదు.

"పదిహేడు గంటల్లో నేనొక సోఫా మొత్తం విప్పి మళ్ళీ కట్టగలను," అన్నాడు మెల్లగా.

"అదే అనుకో బావా. ఒక సోఫా పని. అటుపక్క మా అక్క ఉంటుంది."

నెల తిరక్కుండా మ్యాపు టికెట్టు తీసి బావ చేతిలో పెట్టాడు. పరీక్షల కాలం కాబట్టి తోడు మాత్రం రాలేనన్నాడు. మేస్త్రి ఒక్కడే బయల్దేరాడు.

మొదటి విమానంలో అతను పడిన పాట్లు ఆ తర్వాత తనే కథలుగా చెప్పుకున్నాడు గానీ, ఆ పూట మాత్రం నవ్వుతాలు కాదు. ఎక్కగానే అలవాటు కొద్దీ సీటు నొక్కి చూసి, లోపలి స్పాంజి అణిగిపోయిందని కనిపెట్టాడు. స్పాంజే పట్టించుకోనివాళ్ళు రెక్కల్నేం పట్టించుకుంటారని అక్కడే గుండె జారింది. విమానం పైకి లేవగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సముద్రం మీదికి వచ్చాక కుదుపులు మొదలయ్యాయి. అన్నం పళ్ళెం పెట్టిన అమ్మాయి "తింటారా?" అంటే తల అడ్డంగా ఊపాడు, "నీళ్ళు?" అంటే అడ్డంగానే ఊపాడు. దీవిలో దిగేసరికి చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. కనపడ్డ మొదటి బెంచీ మీద కూలబడి భార్యకు ఫోను చేశాడు.

"దిగారా?" అంది ఆమె. ఆ గొంతులో సంతోషం అతనికి వినపడింది. అందుకే చెప్పడం ఇంకా కష్టమైంది.

"దిగాను. ఇక ఎక్కను."

"అయ్యో, ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. నా వల్ల కాదు, అంతే. కాళ్ళు రెండూ నావి కావు. నీ దగ్గరేదైనా జత ఉంటే పంపించు."

ఆమెకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

"ఇంక ఆరు గంటలేనండీ. సగం పైనే వచ్చేశారు."

"రాలేనే. ఏ పడవో చూసుకుని వెనక్కి పోతాను."

"ఇది పడవల్లో పోయే దూరమా? ఇంటికి చేరేసరికి నాకు రిటైర్‌మెంటు వస్తుంది."

"అయితే ఇక్కడే ఉంటాను. ఊరు చల్లగా బానే ఉన్నట్టుంది."

ఆమె గడియారం వైపు చూసింది. తర్వాత, "సరే. ఎక్కడున్నారో అక్కడే ఉండండి," అని ఫోను పెట్టేసింది.

మేస్త్రి చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. 'ఎక్కడున్నారో అక్కడే ఉండండి.' విసిగిపోయిన మనిషి అనే మాట అది. ఇక నీతో పని లేదు, నీ ఖర్మ, అని చెప్పినట్టు వినపడింది అతనికి.

కానీ ఆమె ఆ మాట అన్నది విసిగి కాదు. ఫోను పెట్టేసేసరికే ఆమె లేచి నిలబడింది. మోచేతులదాకా అంటిన పిండికట్టు సున్నం కడుక్కుంటూ, తన దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయితో, "రెండురోజులు నువ్వే చూసుకో తల్లీ. ఆ పోస్టుమాన్ కాలి తొడుగు ఇంకోసారి అరగదీయాలి, మర్చిపోకు," అంది. ఆసుపత్రి పెద్దకి ఒక్క మాట చెప్పి, గదికెళ్ళి పాస్‌పోర్టు, ఒక జత బట్టలు సంచీలో పడేసుకుని టాక్సీ ఎక్కింది. తన కోసం భయాన్ని దిగమింగుకుని అంత దూరం వచ్చిన మనిషి. మిగతా దూరం తనే పోతే ఏం పోయింది? అదీ ఆమె ఆలోచన. భర్తకి చెబితే "నాకోసం నువ్వు రావడమేంటి, వద్దు" అంటాడని తెలుసు. అందుకని చెప్పలేదు. టాక్సీలోంచి తమ్ముడికి మాత్రం మెసేజీ పెట్టింది: "మీ బావ దీవిలో ఆగిపోయారు. నేనే వెళ్తున్నా. ఆయన్ని అక్కణ్ణించి కదలనీకు."

ఆ సమయానికి మ్యాపు పరీక్ష హాల్లో పిల్లలకి కాపలా కాస్తున్నాడు. ఫోను స్టాఫ్‌రూమ్ సొరుగులో ఉంది.

దీవిలో మేస్త్రి బెంచీ మీద కూర్చుని, ఎదురుగా అద్దాల్లోంచి విమానాలు లేవడం, దిగడం చూశాడు. ఎక్కేవాళ్ళలో ముసలివాళ్ళున్నారు, చంకన పిల్లలతో తల్లులున్నారు. వాళ్ళని చూస్తే సిగ్గేసింది గానీ ధైర్యం రాలేదు. తర్వాత భార్య వెళ్ళిపోయిన రోజు గుర్తొచ్చింది. ఆమెకీ అది మొదటి విమానమే. విమానాశ్రయం గుమ్మం దగ్గర వీడ్కోలు చెబుతూ అతని బొటనవేలు పట్టుకుంది. నవ్వుతూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది, వేలు మాత్రం నలిగిపోయేలా నొక్కింది. ఆ గోరు నీలంగా కమిలి చాలా రోజులుంది. అంత భయం పెట్టుకుని కూడా వేలు వదిలేసి లోపలికి నడిచింది, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

'అదీ భయపడింది. భయపడుతూనే పోయింది,' అనుకున్నాడు.

మళ్ళీ ఫోను చేశాడు. స్విచాఫ్. కాసేపాగి చేశాడు. స్విచాఫే. ఎంత కోపమొచ్చినా ఆమె ఎన్నడూ ఫోను కట్టేసుకుని ఎరగదు. ఇప్పుడతనికి విమానం కన్నా పెద్ద భయం పట్టుకుంది. తన విమానానికి ఆఖరి పిలుపు వినపడేసరికి, ఎవరో వెనకనుంచి తోసినట్టు లేచి గేటు దగ్గరికి పోయాడు.

టికెట్టు చూసే అమ్మాయి అతను కాగితం తలకిందులుగా అందించడం గమనించింది.

"మొదటిసారా బాబాయ్?"

"రెండోసారమ్మా. మొదటిసారి ఏమవుతుందో తెలీక ఎక్కాను. ఇప్పుడు తెలిసి ఎక్కుతున్నా."

ఆ అమ్మాయి అతన్ని తలుపుదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. సీట్లో కూర్చున్నాక మేస్త్రి బామ్మర్దికి మెసేజీ కొట్టాడు: "ఎక్కేశానురా. అక్క ఫోను తీయట్లేదు. కోపంగా ఉందేమో. నేనొస్తున్నానని నువ్వే చెప్పు."

ఆమె ఎక్కిన విమానం అప్పటికే గాల్లో ఉంది. అతనిదీ లేచింది. ఈమె అటు, ఆయన ఇటు.

పరీక్ష ముగిశాక మ్యాపు స్టాఫ్‌రూమ్‌కొచ్చి సొరుగు తెరిచాడు. మొదటి మెసేజీ చదివి "పాపం అక్క" అనుకున్నాడు. రెండోది చదివి కుర్చీలో కూర్చుండిపోయాడు. అక్కకి ఫోను చేశాడు, లేదు. బావకి చేశాడు, లేదు. లెక్కల మాస్టారు పక్కనే పేపర్లు కట్ట కడుతున్నాడు.

"ఏమైందయ్యా, మొహం అలా పెట్టావు?"

"మా అక్కా బావా ఒకరి పక్కనుంచి ఒకరు దూసుకుపోతున్నారు మాస్టారూ. గంటకి పద్దెనిమిది వందల కిలోమీటర్ల వేగంతో."

సంగతంతా విని లెక్కల మాస్టారు పడీపడీ నవ్వాడు. "మా పుస్తకంలో ఎదురెదురు రైళ్ళ లెక్క ఇదేగా! రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పమంటాం."

"కలుస్తాయి మాస్టారూ, అది నేను చెప్పగలను. ఆగవు, అదీ బాధ."

ముందు దిగింది అక్క. దీవిలో ఆమె బెంచీ బెంచీ వెతికింది. టీ కొట్లో చూసింది. మగవాళ్ళ బాత్రూము బయట నిలబడి, వచ్చినవాడినల్లా "లోపల బట్టతలాయన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. చివరికి తమ్ముడి ఫోను వచ్చింది.

"అక్కా, కూర్చున్నావా? ముందు కూర్చో."

"ఏంట్రా? ఆయనకేమైంది?"

"ఏమీ కాలేదు. బావ విమానం ఎక్కాడు. ఇంకాసేపట్లో మీ ఊళ్ళో దిగుతాడు."

అవతల ఏదో కిందపడ్డ చప్పుడైంది. మ్యాపు భయపడ్డాడు.

"అక్కా?"

"ఎక్కాడా? ఆయనే? తనంతట తనే?"

"ఒక్కడే. నీకు కోపమొచ్చిందనుకుని."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగిందో ఆమెకే తెలీలేదు. నేల తుడిచే మనిషి తుడుపుకర్ర ఆపి, "ఏమ్మా, విమానం తప్పిపోయిందా?" అని అడిగాడు. "లేదన్నా. మా ఆయన ఎక్కాడు," అంది ఆమె. అతనికేం అర్థం కాకపోయినా సంతోషించి వెళ్ళాడు.

మేస్త్రి దిగి ఫోను తెరవగానే అది మోగింది.

"దిగారా?"

"దిగాను! వచ్చేశానే! నువ్వెక్కడ? బయట నిలబడ్డావా? నాకు కనపడట్లేదు."

"నేను దీవిలో ఉన్నానండీ."

"ఏ దీవిలో?"

"మీరు ఇక్కడే ఉంటానన్న చల్లటి ఊళ్ళో. మీకోసం వచ్చాను."

మేస్త్రి పక్కనున్న తోపుడుబండిని పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తర్వాత అతనన్న మాట ఆమె ఆ తర్వాత ఎన్నోసార్లు తలుచుకుంది.

"నువ్వక్కడే ఉండు. నేను మళ్ళీ ఎక్కుతాను."

"వద్దు బాబూ, వద్దు! మీకు పుణ్యముంటుంది! నాకు పొద్దున్నే విమానముంది, మధ్యాహ్నానికి వచ్చేస్తాను. మీరు మాత్రం కదలకండి. టాక్సీ ఎక్కి తిన్నగా మా గదికి పోండి. కింద గుండీల కొట్టు పిన్ని దగ్గర తాళంచెవి ఉంది. లోపలికెళ్ళి కూర్చోండి. నేనొచ్చేదాకా గుమ్మం దాటారంటే చూడండి."

గుండీల కొట్టు పిన్ని మనిషి చిన్నది, గొంతు పెద్దది. గోడనిండా చిన్నచిన్న సొరుగులు, ప్రతి సొరుగు మీదా లోపలుండే గుండీ ఒకటి కుట్టి ఉంది. మేస్త్రి తన పేరు చెప్పబోయేలోపే ఆమె లేచి వచ్చేసింది.

"చెప్పక్కర్లేదు నాయనా. కూర్చునేముందు కుర్చీ నొక్కి చూస్తున్నావు, అప్పుడే తెలిసింది. సోఫాల మేస్త్రివి. మీ ఆవిడ నోట్లో నీ మాట తప్ప ఇంకోటి ఉండదుగా."

అతను చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"పైన ఆ కుర్చీ సంగతి ముందు చూడు. నా నడుం విరిగింది దాంతో," అంది పిన్ని తాళంచెవి ఇస్తూ.

గది చిన్నదే. మంచం, బల్ల, కిటికీ పక్కన పెద్ద చేతుల కుర్చీ. మేస్త్రి నొక్కి చూస్తే చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయింది. లోపలి పట్టీలు తెగాయి, రెండు స్ప్రింగులు పక్కకి ఒరిగాయి. ఒక పక్క దిండు, ఇంకో పక్క మడతపెట్టిన దుప్పటి సర్దుకుని ఆమె ఆ గోతిలోనే కూర్చుంటున్నట్టుంది.

"ఇలాంటిదాన్ని ఎవరైనా ఉంచుకుంటారా?" అన్నాడు.

పిన్ని వెనకే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆయాసపడుతోంది. "నేనూ అదే అన్నా. మా సందులో బాగుచేసేవాడు ఉన్నాడు, పిలుస్తానన్నా. వద్దంది. మా ఆయన వచ్చి చేస్తాడు పిన్నీ, ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దంది. ఏడాదిన్నర నుంచి అదే మాట."

పిన్ని దిగిపోయాక మేస్త్రి మంచం అంచున చాలాసేపు కూర్చున్నాడు. రమ్మని అడగడం మానేసింది గానీ, వస్తాడనుకోవడం మానలేదన్నమాట. వానలన్నాడు, హోటలు కుర్చీలన్నాడు, కడుపన్నాడు. ఆమె ఇక్కడ ఈ గోతిలో కూర్చుని ఆ మాటలన్నీ విన్నది. లేచి మొహం కడుక్కుని పెట్టె తెరిచాడు. బట్టల కింద చిన్న సుత్తి, వంపుసూది, మేకులు పీకే పట్టుకారు ఉన్నాయి. ఊరెళ్ళినా అవి వెంట ఉండాల్సిందే. కుర్చీని బోర్లా తిప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చేసరికి గది నిండా కుర్చీ. కాళ్ళు ఒకచోట, స్ప్రింగులు ఒకచోట, పాత కొబ్బరిపీచు మంచం మీద. మధ్యలో మేస్త్రి, నోట్లో మేకులతో. ఆమె అడుగుల చప్పుడు విన్నాడు, కానీ లేవలేదు.

ఆమె గుమ్మంలోనే నిలబడింది. "ఏంటలా చూస్తున్నారు? ఇలా రారేం?"

అతను మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు. "కదలొద్దన్నావుగా. పొద్దున్నుంచి పాలకి కూడా దిగలేదు. పిన్ని రొట్టె ఇచ్చింది, తిన్నాను."

ఆమె సంచీ అక్కడే వదిలేసి, స్ప్రింగులు దాటుకుని, పీచు తొక్కుకుని వచ్చి అతని పక్కన నేలమీద కూలబడింది. అతని చొక్కా నిండా దుమ్ము, ఆమె చెంప నిండా అదే దుమ్ము అయింది.

"చిక్కిపోయారు," అంది చివరికి.

"నువ్వూ."

"నేనేం చిక్కలేదు. అబద్ధాలాడకండి."

"సరే, నువ్వు చిక్కలేదు."

ఆమె భుజం మీద ఒక దెబ్బ వేసింది. తర్వాత, చాలా రోజుల్నుంచి దాచుకున్న మాట బయటపెట్టింది. "ఆసుపత్రివాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారండీ. ఆ పిల్లకి పని ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది. వద్దని చెప్పేస్తాను. మీకు చెప్పకూడదనే అనుకున్నా."

మేస్త్రి కుర్చీ చట్రాన్ని దగ్గరికి లాక్కుని, తెగిన పట్టీని వేలితో తడిమాడు.

"ఈ ఊళ్ళో పట్టీలు ఎక్కడ దొరుకుతాయి?"

"పట్టీలేంటి? నేను చెప్పేది విన్నారా?"

"విన్నా. వద్దని చెప్పకు. పట్టీలు దొరికితే నేనూ ఇక్కడే బతుకుతాను. అక్కడ ఒక్కణ్ణే కూర్చుని ఎవరి సోఫాలు కుట్టను?"

ఆమె అతని మొహంలోకి తేరిపార చూసింది. సరదాకి అంటున్నాడేమోనని వెతికింది. అతను సరదాకి అనట్లేదు.

ఆ ఏర్పాటు ఒక్కరోజులో తేలలేదు. అనుమతులు, కాగితాలు, పాత దుకాణం అప్పగింతలు, అన్నింటికీ నెలలు పట్టింది. ఆ పనిమీద మేస్త్రి మళ్ళీ రెండుసార్లు ఆ దూరం అటూ ఇటూ పోయి రావలసి వచ్చింది. భయం పోలేదు. విమానం లేచినప్పుడల్లా కళ్ళు మూసుకుంటూనే ఉన్నాడు. గేటు దగ్గర మాత్రం ఆగలేదు. గుండీల కొట్టు పిన్ని తన కొట్లో వెనకభాగం ఖాళీ చేసి ఇచ్చింది, సుత్తి చప్పుడు మధ్యాహ్నం తన కునుకు అయ్యాకే మొదలుపెట్టాలన్న షరతు మీద.

ఇక ఆ కుర్చీ అయితే వారం పట్టింది. పని ఎక్కువై కాదు, పైబట్ట దగ్గర పేచీ వచ్చి. ఆమె ఆవపూవు పసుపు కావాలంది. మాసిపోతుంది, ముదురు నీలం వేద్దామన్నాడు అతను. మూడురోజులు వాదించుకున్నారు. అంతకాలం ఫోన్లో తిన్నారా, పడుకున్నారా తప్ప ఇంకేమీ అనుకోలేకపోయినవాళ్ళు, ఎదురెదురుగా కూర్చుని తీరిగ్గా పోట్లాడుకోవడం ఇద్దరికీ ఎంత హాయిగా ఉందో చెప్పలేం. కింద పిన్ని అంతా వింటూ, "పసుపే వెయ్యవయ్యా, పోనీ!" అని మెట్ల మీదికి కేకేసింది.

పసుపే వేశాడు.